భూమేష్ సారు, పసుపు బటన్

మా కాలేజీ ఆర్మూరులో మార్కెట్ యార్డుకు పోయే దారిలో, ఒక విత్తనాల దుకాణం మీద రెండో అంతస్తులో ఉంటుంది. కింద ఎరువుల వాసన, పైన డిగ్రీ. నేను అక్కడ తెలుగు చెబుతాను. భూమేష్ కంప్యూటర్లు చెప్పేవాడు. ముప్కాల్ వాడు, ఎంసీఏ చదివాడు. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో మూడు పెన్నులు, దేనికీ తడుముకోని గొంతు. క్లౌడ్ కంప్యూటింగ్ అనే పేపరును తొమ్మిదేళ్లు ఒంటిచేత్తో లాక్కొచ్చాడు. ఆ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా క్లౌడ్ తెరిచి చూడలేదు.

ఈ సంగతి ఒకరోజు టీ తాగుతూ తనే చెప్పాడు.

"కంపెనోడు ఫ్రీ అంటడన్నా, లోపలికి పోంగనే బ్యాంకు కార్డు నంబరు అడుగుతడు. ఇచ్చినంక కిరాయి మిషన్ బంద్ చేసుడు మర్సిపోతే డాలర్లల్ల బిల్లు వస్తదట. మనకెందుకా లొల్లి?"

"మరి పిల్లలకు ఎట్ల చెప్తున్నవ్?"

"చూసే చెప్పాల్నా? నువ్వు పద్యాలల్ల స్వర్గం గురించి చెప్తలేవా? పోయి చూసొచ్చినవా?"

టీ డబ్బులు నేనే ఇచ్చాను.

ఉన్నమాట చెప్పాలంటే పాఠం మాత్రం బాగా చెప్పేవాడు. పక్క గదిలో నేను ప్రబంధం చెబుతుంటే నా పిల్లలు కూడా చెవులు అటే పెట్టేవారు.

"పసుపు ఉడకబెట్టే మిషన్ మీ ఇంట్ల ఉన్నదారా? లేదు. సీజన్ల ట్రాక్టర్‌కు తగిలిచ్చుకొని తెస్తరు, మన కుప్ప ఉడకబెట్టి పోతరు. ఉడికినంతకే కిరాయి. పంట ఎక్కువొస్తే రెండు మిషన్లు పిలుస్తం, తక్కువొస్తే ఒక్కటే. క్లౌడంటే గంతే. పెద్ద కంపెనోళ్లు ఎక్కడనో షెడ్లు కట్టి, వేల కంప్యూటర్లు పెట్టిండ్రు. మనం ఇంట్ల కూసోని ఇంటర్నెట్ మీద కిరాయికి తీసుకుంటం. ఉత్త చేను కౌలుకు తీసుకున్నట్టు ఉత్త మిషన్ తీసుకోవచ్చు. దున్ని నీళ్లు పెట్టిన చేను తీసుకుంటే మనం విత్తనం ఏసుడే, దాన్ని ప్లాట్‌ఫాం అంటరు. ఏ కష్టం వద్దనుకుంటే పసుపు పొడి ప్యాకెట్ కొనుక్కున్నట్టు తయారైన సాఫ్ట్‌వేరే వాడుకోవచ్చు."

ఇంత చక్కగా చెప్పి, ఆ వెంటనే పుస్తకం తెరిచి నలభై నిమిషాలు ఇంగ్లీషులో డిక్టేషన్ ఇచ్చేవాడు. అర్థమైంది కాస్తా అక్కడే పోయేది.

అసలు తమాషా ప్రాక్టికల్స్‌ది. మా ల్యాబులో పదకొండు కంప్యూటర్లు, వెలిగేవి ఆరు. ఇంటర్నెట్ ప్రిన్సిపల్ భూపతి సారు గది దాటి రాదు. అందుకని పిల్లలు క్లౌడ్ తెరను రికార్డు పుస్తకంలో స్కేలు పెట్టి పెన్సిలుతో గీస్తారు. మొదటి బ్యాచ్ వాళ్లు ఏదో పుస్తకంలోని బొమ్మ చూసి గీశారు. తర్వాతి వాళ్లు వాళ్ల రికార్డు చూసి మక్కికి మక్కి దించారు. ఆ తర్వాతి వాళ్లు వీళ్లది చూసి.

మొదటి బ్యాచ్‌లో మెండోర నుంచి వచ్చే ఒక అమ్మాయి రికార్డు అందరికన్నా నీటుగా ఉండేది. పసుపు పాలిష్ పట్టే రోజుల్లో ఇంట్లో పని చేస్తూ చేస్తూ రాసినట్టుంది, తెర బొమ్మ కింద కుడి మూలన వేలి మరక పడింది. గుండ్రంగా, పచ్చగా. రెండో బ్యాచ్ వాళ్లు ఆ మరకనూ దించారు. మూడో బ్యాచ్ వాళ్లు దానికోసం పసుపు రంగు స్కెచ్ పెన్ను కొన్నారు. నాలుగో ఏడు ఎవరో పిల్లవాడు "ఇదేంది సార్?" అని అడిగాడు. భూమేష్ తడుముకోకుండా చెప్పాడు.

"అది మిషన్ ఆపే బటన్."

ఆ రోజు నుంచి అది పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్న అయింది. నేను బీరువాలో ఆ మొదటి రికార్డు చూశాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా పసుపు వాసన వచ్చింది. పడీ పడీ నవ్వాను కానీ భూమేష్‌కు చెప్పలేదు. వినోదం ఎందుకు చెడగొట్టుకోవాలి?

ఏటా ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి ఒక ఎగ్జామినర్ వస్తాడు. బిర్యానీ తింటాడు, రికార్డుల మీద సంతకాలు పెడతాడు, పోతాడు. ఈ ఏడు యూనివర్సిటీ గట్టిగా ఉందని తెలిసి భూపతి సారు ముందే భూమేష్‌ను పిలిచాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"బయటోళ్ల ముందట కాలేజీ ఇజ్జత్ పోయిందనుకో, నీ నౌకరి ఉండది. ముందుగాలనే చెప్తున్న."

భూమేష్‌కు ఈ నౌకరీ తప్ప ఇంకో ఆధారం లేదు. ముప్కాల్‌లో ఉన్న అరెకరానికి ముగ్గురు అన్నదమ్ములు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, పిల్లలకు అంత కంఠస్థమే" అన్నాడు.

వచ్చింది ప్రియ అనే చిన్న వయసు మేడం. తన ల్యాప్‌టాప్ తనే తెచ్చుకుంది, ఫోన్ నుంచి ఇంటర్నెట్ కలుపుకుంది. బిర్యానీ వద్దంది. అప్పుడే భూపతి సారు ముఖం మాడిపోయింది.

మొదటి నంబరు దీక్షితది. కాలేజీ ఫస్టు. క్లౌడ్ ఐదు లక్షణాలు, మూడు రకాలు ఊపిరి తీయకుండా అప్పజెప్పింది.

"చాలు. ఇగో, నా అకౌంట్ల మిషన్ ఒకటి స్టార్ట్ చేసి, ఆపి చూపియ్" అంది మేడం.

జీవితంలో మొదటిసారి ఆ పిల్ల క్లౌడ్‌ను చూసింది. వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఎలాగో స్టార్ట్ చేసింది. తోటి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇక ఆపాలి. కళ్లు కింద కుడి మూలకు పోయాయి. అక్కడేమీ లేదు. పైకి జరిపింది, కిందికి జరిపింది. చివరికి ల్యాప్‌టాప్ మూత మూసేసింది.

"మూత మూస్తే ఆగుతదా? మిషన్ గీడ లేదు కదా. అది ఎక్కడనో నడుస్తనే ఉంటది, కిరాయి పడుతనే ఉంటది."

"మేడం, గా పసుపు బటన్ కనిపిస్తలేదు."

"ఏ పసుపు బటన్?"

దీక్షిత రికార్డు తెరిచి చూపింది. మేడం ఇంకోటి తెరిచింది, ఇంకోటి తెరిచింది. ఇరవై మూడు రికార్డులు, ఇరవై మూడు పసుపు బటన్లు. మేడం తలెత్తి భూమేష్ వైపు చూసింది.

"వర్షన్ మారింది మేడం. పాతదాంట్ల ఉండె" అన్నాడు భూమేష్, రెప్ప కొట్టకుండా. ఆడలేక మద్దెల ఓడు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న నాకు అతనికి దండం పెట్టాలనిపించింది.

మేడం నమ్మింది. "అంటే పాతది బట్టీ పట్టి వచ్చినవ్. ఒక్కసారన్న ఫోన్ల కొత్తది చూస్కోవద్దా?" అని ఎర్ర పెన్ను తీసి దీక్షిత పేరు ముందు ఫెయిల్ అని రాయబోయింది.

"సార్ చెప్పిందే రాసిన మేడం" అంది దీక్షిత. ఏడుపు ఆపుకోలేకపోయింది.

భూమేష్ భూపతి సారు వైపు చూశాడు, ఆ పిల్ల వైపు చూశాడు.

"ఆగుండ్రి మేడం. పిల్ల తప్పు లేదు. గా బటన్ ఏ వర్షన్ల లేదు. నేనే కల్పించి చెప్పిన. నేను క్లౌడ్ ఎన్నడు తెరిచి చూడలే."

ఎవరూ నవ్వలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మరక సంగతి నేను ముందే చెప్పి ఉంటే అతనికి ఈ గతి పట్టేది కాదు.

మేడం ఎర్ర పెన్ను మూత పెట్టింది. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి అతని వైపు తిప్పింది. "కూసోండ్రి సార్. గీ లిస్టుల ఉంటది, చూడుండ్రి." భూమేష్ పిల్లల బెంచీ మీద కూర్చుని, ఒక్కో లైనూ చదువుకుంటూ మిషన్ ఆపాడు. "ఆగింది" అన్నాడు. ఆ తర్వాత ఇరవై మూడు మందితో తనే ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని చేయించాడు. అందరూ పాసయ్యారు.

మర్నాడు పొద్దున భూపతి సారు అతన్ని తీసేశాడు. తొమ్మిదేళ్లు అబద్ధం చెబితే ఏటా జీతం ఇచ్చిన కాలేజీ అది. నిజాన్ని ఒక్క రోజు కూడా భరించలేకపోయింది.

మధ్యాహ్నం నాకు పిలుపు వచ్చింది.

"వచ్చే ఏడు క్లౌడ్ పేపర్ నువ్వు తీస్కో. నీది గొంతు మంచిగుంటది" అన్నాడు భూపతి సారు.

నాకు రాదని చెబుదామని నోరు తెరిచాను. "సరే సార్" అన్నాను.