చక్రం కూత

మా ఇంట్లో నన్ను అనుమానం మనిషి అంటారు. అననివ్వండి, నాకేం నామోషీ లేదు. కొల్లేటి గట్టు మీద ఒక్కసారి కారులో ప్రయాణం చేస్తే ఎవరైనా నాలాగే అయిపోతారు. ఇటు నీళ్లు, అటు నీళ్లు, మధ్యలో బండి పట్టేంత మట్టి దారి.

యాభైల్లో మాట ఇది. మా పెద్దమ్మాయి తొలికానుపుకి పుట్టింటికొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగి ఉందని, నొప్పులు మొదలవగానే తీసుకొచ్చేయమని ఏలూరు డాక్టరమ్మగారు గట్టిగా చెప్పారు. తీసుకెళ్లడానికి ఉన్నదల్లా మా ఆయన మోజుపడి కొన్న పాత కారు. యుద్ధానికి ముందుది. బ్రేకు తొక్కితే చాలు, వెనక ఎడమ చక్రం ఊరందరికీ వినబడేలా కీచుమనేది.

తాడేపల్లిగూడెం నుంచి మెకానిక్‌ని పిలిపించాం. భీమడోలులో రైలు దిగి వచ్చాడు. చక్రం మీద మూత తీసి, లోపల డ్రమ్ముకున్న రబ్బరు బిరడా పీకి, ఆ కన్నంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి ఏదో తిప్పాడు. "బ్రేకు బిగించానండీ. కూత మాత్రం పోదండీ, ఆగడం బాగా ఆగుద్దండి" అన్నాడు. మా మావగారు అరుగు మీద కూర్చుని కళ్లార్పకుండా చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను, కాకపోతే అతని సంచీ వైపు. మంచి సామాను ఊడబీకి పాతది పెట్టేస్తాడేమోనని నా భయం.

కొన్నాళ్లకి కూత ఆగిపోయింది. మా ఆయన మురిసిపోయారు. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. పోదన్న కూత ఎలా పోయిందట? ఆ సాయంత్రమే కాలవ వంతెన దిగుతూ బ్రేకు తొక్కితే, కారు ఆగకుండా పక్కకి లాగేసి గట్టు అంచుదాకా పోయిందట. ఆ మాట ఆయన నవ్వుతూ చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. "నా పిల్లని ఈ కారెక్కించేది లేదు. ఆ తాడేపల్లిగూడెం వాణ్ణి పిలిపించండి, ఏం కాజేశాడో తేలుస్తాను" అన్నాను.

వచ్చాడు. ఈసారి చక్రం పక్కనే పీట వేసుక్కూర్చున్నాను. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, వెనక జాకీతో లేపి, చక్రం ఊడదీసి, డ్రమ్ముని చుట్టూ చెక్కసుత్తితో తట్టి లాగాడు. లోపల చక్రాన్ని ఒరిసి పట్టి ఆపే బ్రేకు షూలు నూనెలో నాని నిగనిగలాడుతున్నాయి.

"చూశారాండీ, ఇరుసులోంచి ఆయిలు కారిపోయిందండి. మొత్తం విప్పాలండి. కారు గూడెం తీసుకెళ్లిపోతానండి" అన్నాడు.

పిల్లకి రేపో మాపో అన్నట్టుంటే కారు గూడెం తీసుకుపోతాడట! నాకు నమ్మకం కుదరలేదు. వేలితో ఆ నూనె తీసి వాసన చూశాను. ఓరి నాయనో! ఆముదం. అదీ మా ఇంట్లో వండిన ఆముదమే, ఆ మాడు వాసనతో సహా.

మెకానిక్ మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. "ఒట్టండీ అమ్మగారూ, నేను పొయ్యలేదండీ" అన్నాడు. నేనప్పటికే ఇంటివైపు తిరిగాను. పాలేరుని చూశాను, మా ఆయన్ని చూశాను. అరుగు మీంచి మావగారు లేచారు.

"నేనే పోశానమ్మాయ్" అన్నారు, మంచిపని చెప్పుకుంటున్నట్టు. "ఇతను బిరడా పీకినప్పుడు చూశాగా, ఆముదం పోసే కన్నం అదే అయ్యుంటుందనుకున్నాను. కడుపుతో ఉన్న పిల్ల ఎక్కే బండి అలా ఏడవకూడదమ్మా. వింటుంటే నా ప్రాణం ఉసూరుమనేది."

జన్మంతా ఎడ్లబండ్ల ఇరుసులకి ఆముదం పోసుకున్న మనిషి. తన బండి కీచుమంటే పరువు పోయినట్టు బాధపడేవారు. అయినా నా నోరు ఆగలేదు. "మావయ్యగారండీ, ఆ ఏడుపు ఆపితే కారు ఆగదండీ! పిల్ల కొల్లేట్లో తేలేదండీ!" అనేశాను. ఆయన అరుగు మీద కూలబడి, తన చేతులే చూసుకుంటూ ఉండిపోయారు. ఆ పూట అన్నం తినలేదు.

మెకానిక్ ఏలూరు వెళ్లి షూలకి కొత్త లైనింగులు వేయించుకొచ్చి, డ్రమ్ము పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి బిగించాడు. పాపం, అతను మంచివాడేనని మా ఆయన ఇప్పటికీ అంటారు. ఏమో, ఇరుసు విప్పుతానన్న మాట నేనింకా మర్చిపోలేదు.

మర్నాడు తెల్లవారాక నొప్పులు మొదలయ్యాయి. కారు కదలబోతుంటే మావగారు వచ్చి, "ఒక్కసారి ఆపి చూపించరా" అన్నారు కొడుకుతో. మా ఆయన కాస్త ముందుకు పోనిచ్చి తొక్కారు. కొత్త లైనింగు కూడా పాతదానిలాగే కీచుమంది. కారు ఆగింది. "ఊఁ, వెళ్లండి" అన్నారు మావగారు.

కానుపు కష్టమైంది గానీ, తల్లీ బిడ్డా దక్కారు. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని మేం తిరిగొచ్చేసరికి మావగారు వాకిట్లో కళ్లు మూసుకుని నించుని ఉన్నారు. మా ఆయన బ్రేకు తొక్కారు. వీధి అదిరేలా చక్రం అరిచింది. పసివాడు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు.

మావగారు కళ్లు తెరవకుండానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు.

"అరవనీ తల్లీ, అరవనీ" అన్నారు.