ఆఫీసు కారు ఫోటో

కొత్త కెమెరా కొన్నవాడంత ప్రమాదకరమైన మనిషి లోకంలో ఇంకొకడు ఉండడు. అది నేనే కనుక ధైర్యంగా చెబుతున్నాను.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. శ్రీకాకుళం వైపు మనిషి. మీసాలు సరిగ్గా రాని వయసులో ఢిల్లీ వచ్చి గుమాస్తాగా చేరి, జీవితమంతా ఒకే బిల్డింగులో ఫైళ్లు చూశారు. నేను ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఫైలు మీద నోటు ఎలా రాయాలో, ఏ మాట రాస్తే తర్వాత మన మెడకే చుట్టుకుంటుందో నేర్పింది ఆయనే. అందుకని ఆయన్ని గురువుగారూ అని, వాళ్లావిడని పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. ఆర్.కె. పురంలో మా క్వార్టరు పై అంతస్తు, వాళ్లది కింద అంతస్తు.

ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయ్యే రోజు సాయంత్రం, ప్యూనైనా పెద్ద ఆఫీసరైనా సరే, మెడలో బంతిపూల దండ వేసి ఆఫీసు కారులో ఇంటి దగ్గర దింపుతారు. తెల్ల అంబాసిడరు, వెనక సీటు మీద తెల్ల తువ్వాలు. ఏళ్ల తరబడి సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడిన మనిషికి అది ఒక్క సాయంత్రపు వైభోగం.

గురువుగారికి ఆ కారు పక్కన ఫోటో కావాలి. ముచ్చట కొద్దీ కాదు. ఆయన వియ్యంకుడు పెద్ద హోదాలో పనిచేసి దిగిన మనిషి, జనక్‌పురిలో సొంత ఇల్లు. ఏ శుభకార్యానికి కలిసినా పదిమందిలో "మా బావగారిది ఫైళ్లు మోసే డిపార్ట్‌మెంటు" అని పరిచయం చేసేవాడట. గురువుగారు ఆ సంగతి నాకు నవ్వుతూనే చెప్పారు గానీ, మూడుసార్లు చెప్పారు.

"ఒక్క ఫోటో గోడకి పెడితే చాలు బాబూ," అన్నారు. "నాను నోరిప్పక్కర్లేదు. అదే చెప్తాది."

మార్కెట్లో స్టూడియో అతనికి అప్పటికే చెప్పి ఉంచారు. మధ్యలో దూరింది నేను. ఇంట్లో నేనుండగా బయటివాడెందుకు, నా దగ్గర కొత్త కెమెరా ఉంది, మీరేం కంగారు పడకండి అన్నాను. ఆయన మొహమాటపడి స్టూడియో అతన్ని వద్దనేశారు.

ఆ కెమెరా చాందినీ చౌక్‌లో కొన్నాను. బిల్లు వద్దంటే ధర తగ్గిస్తానన్నాడు కొట్టువాడు, సరే బిల్లు వద్దన్నాను. కొన్న నెలకే ఇంటర్నెట్లో నాలుగు ముక్కలు చదివి పండితుణ్ణయిపోయాను. మామూలుగా కెమెరా తీసిన ఫోటోను తానే సరిదిద్ది ఇస్తుంది. అలా కాకుండా ఏదీ సరిదిద్దకుండా, పచ్చి సరుకు సంచిలో పోసినట్టు దాచే పద్ధతి ఇంకొకటి ఉంది. దాన్ని రా ఫైలు అంటారు. తర్వాత కంప్యూటర్లో వేసి మనకు కావలసినట్టు వండుకోవాలి. తెలిసినవాళ్లు అలాగే తీస్తారని ఎవరో రాశారు. నేను తెలిసినవాణ్ణి కాబట్టి అలాగే తీశాను.

జనవరి నెలాఖరు. ఎండ ఉందా లేదా అన్నట్టుంది. గురువుగారు పిన్నిగారు అల్లిన మెరూన్ స్వెట్టరు మీద కోటు వేసుకున్నారు. ఆఫీసు గుమ్మం దగ్గర ఒకసారి కారెక్కించి తీశాను, వెలుతురు చాలలేదని దింపి మళ్లీ ఎక్కించాను. డ్రైవరు విసుక్కున్నాడు. క్వార్టర్ల ముందు దిగుతుంటే ఇంకో పాతిక తీశాను. కెమెరా వెనక అగ్గిపెట్టంత తెర మీద చూపిస్తే ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. చూసి, నా భుజం నొక్కారు.

ఇంటికెళ్లి కంప్యూటర్లో పెడితే ఒక్క ఫోటో కూడా తెరుచుకోలేదు. వరసగా తెల్ల కాగితం బొమ్మలు, కింద నంబర్లు.

కెమెరాతో ఒక సీడీ రావాలట. బిల్లు లేని సరుక్కి సీడీ ఎక్కడిది. వెళ్లి అడిగితే కొట్టువాడు "బిల్ దిఖావో భయ్యా" అన్నాడు, నవ్వకుండా. కంపెనీ వెబ్‌సైట్లో ఉన్నది ఆ సీడీ ఉన్నవాళ్లకే పనికొస్తుంది. కొనుక్కునే ప్రోగ్రాము ఒకటి ఉంది, ఆ సంగతి నాకు తెలుసు. కొనలేదు. ఉత్తినే వస్తే ఫినాయిలైనా తాగే రకాన్ని నేను. పైగా పంతం. ఇంత ప్రపంచంలో దీన్ని ఫ్రీగా తెరిచేవాడు ఒక్కడు లేకపోతాడా అని.

ఇంట్లో నెట్టు ఫోను మోగితే తెగిపోయేది. అందుకని శనివారాలు బేర్ సరాయ్‌లో, పరీక్షలకు చదివే పిల్లల మధ్య ఒక ఇంటర్నెట్ కేఫ్‌లో కూర్చుని ఒక్కొక్క ఫ్రీ ప్రోగ్రామూ దించుకుని సీడీలో మోసుకొచ్చేవాణ్ణి. మొదటిది, మీ కెమెరా మరీ కొత్తది, తర్వాతి వెర్షన్ దాకా ఆగండి అంది. రెండోది తెరిచింది గానీ గురువుగారు, కారు, దండ, అన్నీ పసరు పూసినట్టు ఆకుపచ్చ. మూడోది చక్కగా తెరిచింది. నా ప్రాణం లేచొచ్చింది. దాచుకోబోతే ఆయన మొహం మీద అడ్డంగా తన పేరు అచ్చు గుద్దింది. అది తీయాలంటే కొనాలట.

ఫిబ్రవరిలో గురువుగారు మెట్ల మీద ఆపి, ఫోటోలేమైనా అని అడిగారు. ఈ ఆదివారం అన్నాను. మార్చిలో పిన్నిగారు ఆవకాయ ముక్క ఇవ్వడానికి వచ్చినట్టు వచ్చి అడిగారు. రంగులు సరిచేస్తున్నానని అబద్ధం చెప్పాను. తెరుచుకోలేదు అన్న మాట నా నోటి నుంచి రాలేదు. కెమెరా గురించి అన్ని కోతలు కోసినవాణ్ణి, ఆ మాట ఎలా అనను? చెప్పి ఉంటే ఆయన ఇంకో దారి చూసుకునేవారు. మా ఆవిడ ఒకటే అంది, ఆ స్టూడియో అతన్ని రానిచ్చి ఉంటే ఈపాటికి ఫ్రేము కట్టించుకునేవాళ్లని. ఆవిడ మీద విసుక్కున్నాను.

ఏప్రిల్లో వాళ్లు క్వార్టరు ఖాళీ చేసి జనక్‌పురిలో కూతురింటికి దగ్గర్లో ఒక పై వాటా అద్దెకు తీసుకున్నారు. సామాను టెంపోలోకి ఎక్కిస్తుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. ఆ రోజు గురువుగారు ఫోటోల మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదనిపించింది.

జులైలో దొరికింది. ఎవరో విదేశీయుడు తన సరదా కొద్దీ రాసి, అందరికీ ఊరికే ఇచ్చేసిన ప్రోగ్రాము. బటన్లు లేవు, బొమ్మలు లేవు, నల్ల తెర మీద మాటలు టైపు చేయాలి. అది తెరవగల కెమెరాల కొత్త జాబితాలో నా కెమెరా పేరు ఉంది. ఎలా వాడాలో చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ప్రతి రా ఫైలు లోపలా కెమెరా తయారు చేసి పెట్టిన మామూలు ఫోటో ఒకటి ఉంటుందట. వెనక తెర మీద మనం చూసేది అదేనట. అది చాలనుకుంటే ఒక్క అక్షరం టైపు చేస్తే బయటికి వస్తుందట.

టైపు చేశాను. నిమిషంలో అన్ని ఫోటోలూ వరసగా వచ్చి నిలబడ్డాయి. రంగులు బాగున్నాయి. గోడకి పెట్టుకోవడానికి ఎక్కువే. నేను దిద్దడానికి ఏమీ లేదు. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నాకు సంతోషం కలగలేదు, నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

అందులో ఒకటి పెద్దది చేయించి ఫ్రేము కట్టించాను. కారు తలుపు మీద ఒక చెయ్యి, నేల మీద ఒక కాలు, దండ కోటుకి అంటుకుపోయి ఉంది. ఆయన కెమెరా వైపు చూడడం లేదు. పైన ఆఫీసు కిటికీల వైపు చూస్తున్నారు. ఆదివారం బస్సెక్కి జనక్‌పురి వెళ్లాను.

పిన్నిగారు తలుపు తీశారు. గదిలో అడుగు పెట్టగానే ఎదురుగా గోడ మీద ఫోటో. తెల్ల అంబాసిడరు, బంతిపూల దండ, మెరూన్ స్వెట్టరు, అదే కోటు. అంటే ఆ స్టూడియో అతను కూడా వచ్చాడన్నమాట అనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే ఎండ చిటచిటలాడుతోంది. గురువుగారి నుదురంతా చెమట. కారు ముందు ఇంకో దండ వేలాడదీశారు, నంబరు ప్లేటు కనపడకుండా. వెనక వాళ్ల వీధి చివర టాక్సీ స్టాండు గోడ.

పిన్నిగారు మంచినీళ్లు ఇస్తూ నెమ్మదిగా చెప్పారు. మనవడి పుట్టినరోజున వియ్యంకుడు అందరి ముందూ, కారులో దింపారన్నారు, ఫోటో ఏది బావగారూ అని అడిగాడట. వస్తోందండీ అన్నారట ఈయన. మళ్లీ కలిసినప్పుడు మళ్లీ అడిగాడట. మూడోసారి అడక్కముందే నవ్వాడట. మర్నాడు ఈయన ఒక తెల్ల టాక్సీనీ, ఫోటో తీసేవాణ్ణీ మాట్లాడుకుని, మే నెల ఎండలో స్వెట్టరూ కోటూ వేసుకుని వెళ్లారట. నేనొద్దన్నాను, వినలేదు అన్నారావిడ.

గురువుగారు లోపలి నుంచి వచ్చారు. పొట్లం విప్పి ఫోటో చూసుకున్నారు. మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, మళ్లీ చాలాసేపు.

"బాగా తీసావు బాబూ," అన్నారు.

అది తీసేసి ఇది పెట్టుకోండి గురువుగారూ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, కాగితం మడతలు పోకుండా ఫ్రేమును తిరిగి చుట్టారు.

"ఆయన దాన్ని చూసీసారు. చూసి, నిజమే బావగారూ అన్నారు. ఇప్పుడిది పెడితే అది దొంగదని తెలిసిపోతాది. నువ్వే పట్టుకుపో."

నాకు ఏడుపొచ్చింది. ఆ కారు ఆయన నిజంగానే ఎక్కారు. ఎక్కిన మనిషిని పట్టుకుని నేను అబద్ధాలకోరును చేశాను, అదీ ఒక్క అక్షరం తెలియక, తెలియదని చెప్పుకోలేక. క్షమించమని అడగబోతే ఆయన అడగనివ్వలేదు. ఆఫీసు కబుర్లు అడిగారు. తన సీట్లో ఎవరు కూర్చుంటున్నారని అడిగారు.

దింపడానికి గేటు దాకా వచ్చారు. ఫ్రేము నా చంకలో ఉంది. వీధిలో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"కంప్యూటర్లో కూడా ఉంటాది కదా బాబూ. అదీ తీసీ."

తీసేస్తానన్నాను. ఆయనకి నేనిచ్చిన రెండో మాట అది. దాన్నీ నిలబెట్టుకోలేదు.