ఉప్పు రాసిన దూడ

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదీ ఒక గేదె మనసు మారుతుందా లేదా అని వారం రోజులు ఎదురుచూశాం. నేను డైరీ రాయడం మొదలుపెట్టింది పద్నాలుగో ఏట. ఇది జరిగినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అందుచేత దీన్ని కేవలం జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నాను. ఏ రోజు ఏం జరిగిందో మాత్రం సరిగ్గా గుర్తుంది.

మాది ముదినేపల్లి దగ్గర ఒక పల్లెటూరు. ఇప్పుడు చేపల చెరువులున్న చోటంతా అప్పుడు వరి చేలు. ఆ ఏడు మా గేదె ఈనిన నాలుగో రోజున దూడ చచ్చిపోయింది. అప్పటి నుంచి గేదె పాలు చేపడం మానేసింది. పొదుగు రాయిలా గట్టిపడినా చెయ్యి వేయనిచ్చేది కాదు. చచ్చిన దూడ చర్మంలో గడ్డి కుక్కి ముందు నిలబెట్టారు. గేదె ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది.

మా పెదనాన్న ప్రతి పనికీ ముందు వెనుకలు ఆలోచించే మనిషి. ఆయన మాట తప్పడం ఊళ్లో ఎవరూ చూడలేదు. "గొడ్డుకి కూడా తెలిసిపోయింది, మనమే దాన్ని వెర్రిదనుకున్నాం. వచ్చే శనివారం గుడివాడ పశువుల బేరగాణ్ణి రమ్మని దీన్ని అమ్మేస్తాను" అని తేల్చేశారు.

ఆ రోజుల్లోనే ఎదురింటి అత్తయ్య వాళ్ల గేదెను పాము కరిచింది. అది పోయి, పది రోజుల పెయ్యదూడ మిగిలింది. అత్తయ్య వెదురు గొట్టంతో గంజి పోసేది. సగం మూతి పక్కనుంచి కారిపోయేది. సోమవారం నాటికి దూడ లేచి నిలబడడానికే రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. నేను రోజంతా దాని పక్కనే కూర్చునేదాన్ని. దాని చెవులు లోపలి వైపు ఎంత మెత్తగా ఉండేవో ఇప్పటికీ నా వేళ్లకు గుర్తుంది.

ఆ సోమవారమే మా నాయనమ్మ దూడను మా చావిట్లోకి తెప్పించింది.

"ఒకదాని దూడని ఇంకోటి రానివ్వదమ్మా. ఒక్క తాపు తంతే చచ్చి ఊరుకుంటుంది" అన్నారు పెదనాన్న.

"తన్నకుండా నేను చూస్తాలేరా. నువ్వు శనివారం దాకా ఆగు, అంతే" అంది నాయనమ్మ.

ఆవిడ కళ్లుప్పు నీళ్లలో కరిగించి, అందులో కాస్త బెల్లం వేసి, దూడ ఒళ్లంతా రాసింది. గేదె పొదుగు నుంచి బలవంతాన నాలుగు చుక్కలు పిండి దూడ నడినెత్తి మీదా తోక మొదట్లోనూ పులిమింది. దూడ పలుపు పట్టుకోవడం నా పని. గేదె బుసకొట్టింది. కొమ్ము విసిరింది. కాసేపటికి నాలుక చాచి ఒకసారి నాకింది. మళ్లీ నాకింది. అది ఉప్పు కోసమేనని నాకు కూడా తెలుస్తూనే ఉంది. మంగళవారం, బుధవారం అదే పని. గురువారం నాయనమ్మ పక్కన నిలబడి ఉండగా దూడ రెండు గుక్కలు తాగింది కూడా. అత్తయ్య కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ బెల్లానికి దూడకు ఈగలు పట్టేవి. ఒళ్లంతా జిగురు. పాపం, దానికెంత చిరాగ్గా ఉందోనని నా ప్రాణం విలవిల్లాడేది. శుక్రవారం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా కాలవకి తోలుకెళ్లి, మా అక్క దాచుకున్న వాసన సబ్బుతో దాన్ని శుభ్రంగా రుద్ది రుద్ది కడిగాను. నా పరికిణీతోనే తుడిచాను. అంత అందమైన దూడ ఊళ్లో మరొకటి లేదనిపించింది. గర్వంగా గేదె ముందుకు తీసుకెళ్లి నిలబెట్టాను.

గేదె వాసన చూసింది. వెనక్కి జరిగింది. ఆ తర్వాత తన్నింది.

దూడ గోడవారగా పడి లేవలేదు. నా అరుపుకి అందరూ పరుగెత్తుకొచ్చారు. పెదనాన్న దూడ డొక్క తడిమి, ఊపిరి చూసి, "బతికే ఉంది. ఇంక దీన్ని హింసపెట్టకండి" అని మాత్రం అన్నారు. ఆ మాట నాకు దెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

నాయనమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ దూడను వాసన చూసి ముక్కు చిట్లించింది. "ఏవే పిచ్చిదానా, పెళ్లికూతుర్ని చేశావా దీన్ని? నీకు ముద్దొచ్చేట్టు కడుక్కున్నావు గానీ, ముద్దు రావలసింది గేదెకి కదటే! లే, ఉప్పు తీసుకురా. ఈసారి నువ్వే రాయి."

ఏడుస్తూనే రాశాను. ఎక్కడ రాయాలో, ఎందుకు రాయాలో ఆవిడ అప్పుడు చెప్పింది. గేదె తన నాలుకతో ఎక్కడెక్కడ తడిపితే అక్కడక్కడ దూడ ఒంటికి దాని వాసన పడుతుందట. ఆ వాసన ముదిరేదాకా ఓపిక పట్టాలట. పొద్దున్న నుంచి పొద్దుగూకేదాకా ఇద్దరం చావిట్లోనే కూర్చున్నాం. మధ్యాహ్నానికి దూడ లేచి నిలబడింది. సాయంత్రానికి గేదె దాని ఒంటి మీద ఉప్పంతా నాకేసింది.

శనివారం బేరగాడు రానే వచ్చాడు. నేను ఉప్పు గిన్నె కోసం పరుగెత్తబోతే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అక్కర్లేదు. ఒట్టిగానే వదులు."

దూడ పలుపు వదిలాను. గేదె తల వంచింది. దూడ నుదురు, మెడ, వీపు వరసగా నాకుతూ పోయింది. అక్కడ ఉప్పు లేదు, బెల్లం లేదు. దూడ పొదుగు కిందికి దూరి ఒక్క కుమ్ము కుమ్మింది. గేదె సన్నగా, మేమెన్నడూ వినని గొంతుతో పలికింది. చేపు వచ్చింది, పాలు దిగాయి! దూడ తాగుతుంటే నురగ మూతి నిండి నేల మీద కారింది. అత్తయ్య చప్పట్లు కొట్టింది. నేను చావిడంతా గంతులేశాను.

బేరగాడు తలపాగా సవరించుకుంటూ, "ఏవండీ మామ్మగారూ, తల్లీపిల్లల్ని విడదీసే పాపం నాకంటగట్టడానికా ఇంత దూరం రప్పించారు?" అని నవ్వి, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

పెదనాన్న గుంజకానుకుని, "మొత్తం మీద ఉప్పు ఎంత పట్టిందమ్మా?" అని అడిగారు. తెలియని సంగతి ఎదురైతే కొలత అడగడం ఆయన పద్ధతి.

"ఎంతైతే ఏంట్రా? రాసింది మనం. ఇవాళ ఉప్పు లేకుండానే నాకింది అది" అంది నాయనమ్మ.

ప్రేమ గొప్పదా, బుద్ధి గొప్పదా అని ఎవరైనా వాదనకు దిగితే నాకు ఆ శుక్రవారం, ఆ శనివారం రెండూ గుర్తొస్తాయి. శుక్రవారం నా దగ్గర ఉన్నదంతా ప్రేమే. అది దూడను చంపబోయింది. శనివారం గిన్నె పక్కన పెట్టేశాక గేదె నాలుకలో మిగిలింది కూడా ప్రేమే. దూడ దానితో బతికింది. మొదటిదానికీ రెండోదానికీ మధ్య మా నాయనమ్మ ఆలోచన ఉంది. అది దారి వేసి పక్కకు తప్పుకుంది. గొప్ప ఏదని నన్ను గట్టిగా నిలదీస్తే, చివరిదాకా నిలిచినదే గొప్పదంటాను.

తొంభైలలో నేను బందరులో ఒక ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా పనిచేశాను. దివిసీమ నుంచీ కృత్తివెన్ను నుంచీ వచ్చిన చిన్నపిల్లలు మొదటి వారమంతా ఏడ్చేవారు. "ఈ ఏడుపుగొట్టుదాన్ని మా గదిలో వెయ్యకండి మేడమ్" అని పెద్దపిల్లలు గొడవ చేసేవారు. నేను జాలి గురించి ఒక్క ముక్క కూడా చెప్పేదాన్ని కాదు. "నువ్వు దీన్ని చూసుకోనక్కర్లేదమ్మా. ఏడు రోజులు పొద్దున్నే జడ వెయ్యి, చాలు. తర్వాత గది మార్చేస్తాను" అనేదాన్ని. విసుక్కుంటూ, చిక్కులు లాగుతూ వేసేవారు. ఒకటి రెండుసార్లు గది మార్చాల్సి వచ్చిన మాట నిజమే. కానీ ఎక్కువసార్లు, ఎనిమిదో రోజు పొద్దున్న నేను వరండా చివర ఆగి వింటే, దువ్వెన చేత్తో పట్టుకున్న పెద్దపిల్ల కేక వినిపించేది: "ఏవే, ఎక్కడ చచ్చావ్? రా, తల దువ్వుతాను. బెల్లు కొట్టేస్తారు!"

ఇక నేను ఆ గది వైపు వెళ్లేదాన్ని కాదు.