మా రోలు సముద్ర ప్రయాణం

ఆ రోజుల్లో ఇల్లు సర్దడం నాకు ఎడమచేత్తో చేసే పని. ఫిల్మ్‌నగర్‌లో ఒక ఆర్ట్ డైరెక్టర్ దగ్గర అసిస్టెంటుగా ఉండేదాన్ని. ఆయన్ని అందరూ గురువుగారనే పిలిచేవారు, నేనూ అంతే. జూబ్లీహిల్స్‌లో షూటింగులకిచ్చే బంగళా ఒకటి తీసుకుని, పొద్దున్న దాన్ని హీరోయిన్ ఇల్లు చేసి, భోజనాలయ్యేసరికి అదే హాలుని విలన్ ఇల్లు చేసెయ్యమంటే చేసేసేదాన్ని. (విలన్ ఇల్లంటే జనం ఏదో అనుకుంటారు గానీ నిజానికి అదే సుళువు. దేవుడి పటాలు తీసేసి, సోఫాల మీద ఎర్ర గుడ్డలు కప్పి, గోడకి కొమ్ముల జింక తల ఒకటి తగిలిస్తే సరి.) ఆ పనిలో నేను నేర్చుకున్న మొదటి విద్య వేలు చూపించడం. "అది ఇక్కడ, ఇది అక్కడ, ఆ బీరువా ఇంకాస్త ఎడమకి" అని నేను వేలు చూపిస్తే సెట్ బాయ్స్ మోసేవారు. అసిస్టెంటు వంగి సామాను ఎత్తితే డిపార్ట్‌మెంటుకే నామోషీ అని గురువుగారి నమ్మకం. ఆయన నమ్మినవన్నీ నేను రెండింతలు నమ్మేదాన్ని.

మా ఆయన బంజారా హిల్స్‌లో ఒక గ్రాఫిక్స్ ఆఫీసులో పనిచేసేవాడు. మేము చెక్కతో కట్టలేని కోటలన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని కట్టేవాడు. పుట్టిందీ పెరిగిందీ యూసుఫ్‌గూడలోనే. నాది భీమవరం. పెళ్లయి కొత్త కాపురం ఇంకా పాతబడక ముందే అతనికి న్యూజిలాండ్‌లో ఉద్యోగం వచ్చింది. సామాన్లు ఓడ మీద పంపుకోవడానికి ఒక చెక్కపెట్టె ఖర్చు మేమే పెట్టుకుంటామని అక్కడి కంపెనీవాళ్లు అన్నారు. ఒక్కటే పెట్టె, దానికీ బరువు హద్దు ఉంది. ఏం పట్టుకెళ్లాలో, ఏం వదిలెయ్యాలో అని మా వైపువాళ్లూ వాళ్ల వైపువాళ్లూ తెగ కంగారుపడ్డారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ సర్దినదాన్ని, నా రెండు గదుల కొంప నాకొక లెక్కా?

నా పద్ధతి నాకుంది. గుమ్మంలో నిలబడి రెండు చేతుల వేళ్లూ కలిపి ఫ్రేము పెట్టి చూడటం. ఏది తీసేస్తే ఇల్లు ఇల్లులా కనపడదో అది మాతో వస్తుంది, మిగతాది ఎవరికైనా ఇచ్చేస్తాం. ఈ పరీక్షలో నీళ్లు పోసి పూలు తేలేసే ఇత్తడి ఉరుళి పాసైంది, కలంకారీ తెరలు పాసయ్యాయి, ప్రెషర్ కుక్కరు తప్పింది. దళసరి రగ్గులు కూడా తప్పాయి. న్యూజిలాండ్ చలిదేశమని నాకు తెలియక కాదు, రగ్గులు మడతపెట్టి ఉన్నప్పుడు ఫ్రేములో బాగుండవు. (ఆ తర్వాత ఒక చలికాలమంతా మేమిద్దరం కలంకారీ తెరలు కప్పుకుని పడుకున్నాం. చూడటానికి చాలా బాగుండేవాళ్లం.)

రోలుకి మాత్రం ఏ పరీక్షా లేదు. అది వచ్చి తీరుతుంది. నేను ఉద్యోగానికి హైదరాబాదు వచ్చినప్పుడు మా అమ్మ ఆ నల్లరాతి రోలుని రైల్లో తన కాళ్ల దగ్గర పెట్టుకుని, దారంతా దానిమీద చెయ్యి తియ్యకుండా తెచ్చింది. "నువ్వేం వండుకుంటావో ఏం మానేస్తావో నాకు కనపడదు. ఇది నీ దగ్గరుందంటే వేళకి ఇంత పచ్చడి నూరుకుని తిన్నావని నాకు ధైర్యం" అంది. ఇప్పుడు నేను సముద్రం దాటి వెళ్తున్నాననగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "రోలు వస్తోంది కదా?" వస్తోందని మాటిచ్చేశాను. మా ఆయన్ని అడగలేదు, అది వేరే సంగతి.

"ఏందిది, బండరాయిని సముద్రం దాటిస్తవా?" అన్నాడు మా ఆయన. "గాడ మిక్సీలు దొరకవా?"

"మిక్సీలో అయ్యేది పచ్చడి కాదు, పేస్టు."

"మరి నా క్యారమ్ బోర్డు? చిన్నప్పటి సంది ఆడుతున్న బోర్డు గది."

"ఫ్రేములో రాదు. పైగా బరువు."

"బోర్డు బరువు, రోలేమో దూదా? జర నువ్వే చెప్పు!"

"రోలు రాకపోతే నేనూ రాను" అన్నాను. ఊరికే బెదిరించడానికి అనలేదు, ఆ క్షణంలో నిజంగానే అన్నాను. అతను, "సరే తియ్, రోలే పోనియ్. ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ సాయంత్రమే బోర్డు చంకన పెట్టుకుని గల్లీలో చిన్ననాటి దోస్తుకి ఇచ్చేసి, ఖాళీ చేతులతో తిరిగొచ్చి, టీ పెట్టమన్నాడు. టీలో పంచదార ఒక చెంచా ఎక్కువే వేశాను. అయినా రోలు రోలే.

ఇక్కడ ఇంకో రోలు గురించి చెప్పాలి. అంతకు కొన్నాళ్ల ముందు మా సినిమా ఒకదాంట్లో హీరో తల్లి పెరట్లో పచ్చడి నూరుతుంటే రౌడీలు వచ్చి పడతారు, హీరో ఆ రోలెత్తి వాళ్ల మీదికి విసురుతాడు. గురువుగారికి, సినిమా సామాన్లు దాచే ప్రాపర్టీ గోడౌన్‌లో ఉన్న ఏ రోలూ నచ్చలేదు. "మీ ఇంట్లోది పట్రామ్మాయ్, దాని మొహంలో కళ ఉంది" అన్నారు. దగ్గర షాట్లకి మా రోలు, విసరడానికి దానిమీద అచ్చు తీసి చేసిన ఫైబర్ డమ్మీ. మేస్త్రీ ఎంత పనిమంతుడంటే అంచున ఊడిన చిన్న పెచ్చు కూడా వదలకుండా దించాడు. షూటింగయ్యాక రెండూ ఒకే వ్యాన్‌లో మా ఇంటికొచ్చాయి. డమ్మీని గోడౌన్‌కి పంపాలి, ఇవాళా రేపూ అంటూ అది మా వరండాలోనే ఉండిపోయింది. ఏది ఏదో నాకు చూపుతోనే తెలిసేది. అసలుదానికి గోంగూర వాసన, కారం మరక ఉండేవి కదా.

ఆ వాసనా మరకా నేనే పోగొట్టాను. న్యూజిలాండ్‌వాళ్లు సామాన్లలో మట్టీ, గింజా, తొక్కా ఏం కనపడినా రేవులోనే ఆపేస్తారని ఎవరో చెప్పారు. అంతే, కొంగు దోపి, చింతపండూ నిమ్మచెక్కలూ పెట్టి రోలుని తోమితే అది అప్పుడే అచ్చులోంచి తీసినట్టు తయారైంది. తెచ్చి ఆరడానికి వరండాలో పెట్టాను, డమ్మీ పక్కన.

మర్నాడు ఓడ సామాన్లు కట్టే మనుషులూ, డమ్మీలూ అవీ పట్టుకుపోవడానికి గోడౌన్ వ్యానూ ఒకే పొద్దుటపూట దిగారు. అలాంటి గందరగోళమే నాకు సొంత ఊరు. కుర్చీ వేసుకుని హాల్లో కూర్చుని, ఓడకి వెళ్లేవాటికి పచ్చ చీటీ, గోడౌన్‌కి వెళ్లేవాటికి ఎర్ర చీటీ అంటించమని చెప్పి వేలు చూపించడం మొదలుపెట్టాను. "ఆ రోలుకి పచ్చది. జాగ్రత్త, అది మా అమ్మది!" అని అరిచాను కూడా. రోట్లో నూరే పచ్చడి బండని మాత్రం పట్టుచీరలో చుట్టి వంటసామాను డబ్బాలో ముందే పెట్టేశాను. పెట్టె నింపి తూకం వేస్తే హద్దుకి చాలా కిందే ఉంది.

"చూశావా!" అన్నాను మా ఆయనతో. "రోలుతో సహా ఎంత తక్కువొచ్చిందో. బరువంతా నీ భయంలో ఉంది."

"గట్లయితే నా బోర్డు గుడ పట్టేది గద!"

"ఇచ్చేసిన వస్తువు మళ్లీ అడిగితే ఏం బాగుంటుంది?" అని పెట్టెకి మేకులు కొట్టించేశాను.

నెలలు గడిచాక ఆ పెట్టె న్యూజిలాండ్‌లో మా ఇంటికి చేరింది. రోలు దింపడానికి మా ఆయన కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, రెండు చేతులూ కిందికి పోనిచ్చి బలమంతా పెట్టి లేపాడు. రోలు ఎగిరి గడ్డానికి తగిలింది, అతను వెనక్కి సోఫాలో పడ్డాడు. లేచి, రోలుని ఒక్క అరచేతిలో నిలబెట్టుకుని, "ఏంది సంగతి? గాలి మారితే రాయి బరువు తగ్గుతదా?" అన్నాడు. వరండా, రెండు రోళ్లు, కుర్చీలోంచి చాచిన నా వేలు వరసగా కళ్లముందు కదిలాయి. "నా క్యారమ్ బోర్డు ఏం పాపం చేసింది?" అన్నాడతను, కోపంగా కాదు, మామూలుగా. కోపంగా అన్నా బాగుండేది.

ఆ ఆదివారం అమ్మ వీడియోలో ప్రత్యక్షమైంది. నేనేం తక్కువదాన్నా? కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా రోలు పెట్టి, కాస్త దూరం నుంచి చూపించాను. అమ్మ మురిసిపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది. "ఏదీ, రెండు పోట్లు వేసి చూపించు" అంది. బండ అసలుదే కదా అన్న ధైర్యంతో ఎండుమిర్చి వేసి ఒక పోటు వేశాను. డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

"ఆ చప్పుడేంటే?"

"ఇక్కడ నేల చెక్కతో వేస్తారమ్మా" అంటూ రెండో పోటు వేశాను. బండ రోలు అడుగు చీల్చుకుని నేలకి దిగింది. అమ్మ మొహం తెరకి దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత, "బండ బానే ఉందా?" అంది. జరిగిందంతా చెప్పి ఏడ్చేశాను. "ఏడవకే. అది రాయి, ఎక్కడికీ పోదు. ఎక్కడుందో కనుక్కో" అంది.

గురువుగారికి ఫోన్ చేశాను. రోలు గోడౌన్‌లో భద్రంగా ఉందన్నారు. పంపమంటే మాత్రం, "ఆ పచ్చడి సినిమాకి ప్యాచ్‌వర్క్ మిగిలుందమ్మాయ్, కొన్ని ముక్కలు మళ్లీ తియ్యాలి. ఒకసారి తెరమీద కనపడిన సామాను పని పూర్తయ్యేదాకా కదలకూడదు. నీకు నేను చెప్పాలా?" అన్నారు. అక్కర్లేదు. ఒక బంగళా యజమానిని ఆయన సొంత కుర్చీలో ఆయన్నే కూర్చోనివ్వకుండా లేపిన ఘనత నాది. నిన్నటి షాట్‌లో ఆ కుర్చీ ఖాళీగా ఉంది మరి! ఆ సినిమా అయ్యాక రోలు ఇంకో సినిమాకి వెళ్లింది, దాని తర్వాత మరొకదానికి. దానికి నాకంటే ఎక్కువ అవకాశాలు వస్తున్నాయి.

కొన్నేళ్లకి హైదరాబాదు వెళ్లే వీలు చిక్కింది. రోలు కోసమే ఒక పెద్ద సూట్‌కేసు ఖాళీగా తీసుకెళ్లాను. "బండ కూడా పట్టుకెళ్లు. ఈసారి కొట్టి, మోగించి చూసుకుని మరీ తెచ్చుకో" అని అమ్మ ఆర్డరు. ఫిల్మ్‌నగర్ గోడౌన్‌లో ఒక మూల జింక తలల కింద అది కనపడింది. ఒళ్లంతా బూడిదరంగు పెయింటు! కెమెరాకి రాయిలా కనపడటం లేదని ఎవరో రాయికి రాయి రంగు వేశారు. సంచీలోంచి బండ తీసి అంచుమీద కొట్టాను. ఖంగుమంది. సిగ్గెందుకు, దాని పక్కనే కింద కూర్చుని ఏడ్చాను.

అప్పుడే గురువుగారు వచ్చారు. నన్ను చూడలేదు, నా చేతిలో బండని చూశారు. "ఓర్నాయనో, బండ! వారం నుంచి దీనికోసం ఊరంతా గాలిస్తున్నాం!" అన్నారు. ఆ తల్లి పచ్చడి సినిమా పెద్ద హిట్టు. దానికి రెండో భాగం సోమవారం మొదలు. అదే పెరడు, అదే తల్లి, అదే రోలు. బండ ఒక్కటే లేదు.

"గురువుగారూ, నేను రోలు తీసుకెళ్లడానికొచ్చానండీ" అన్నాను.

"తీసుకెళ్లు, నీదే కదా. నేను కాదంటానా?" అన్నారాయన. "కానీ నువ్వే చెప్పు, రోలు మారితే తెలిసిపోదూ?"

ఎవరికి తెలుస్తుందండీ అని నోటిదాకా వచ్చింది. నాకు తెలుస్తుంది. సినిమా హాల్లో కూర్చుని, పక్కవాళ్లని పొడిచి మరీ చెప్పేదాన్ని నేను. బండ తీసి రోట్లో పెట్టాను. ఆ సాయంత్రం రోలుమీది పెయింటు గీకించి, సెట్‌కి కూడా వెళ్లి, "గుమ్మానికి కుడివైపు కాదు, ఎడమవైపు" అని వేలు చూపించి దాన్ని సరైన చోట పెట్టించి మరీ వచ్చాను.

తిరిగి న్యూజిలాండ్‌లో దిగేసరికి ఎయిర్‌పోర్టులో మా ఆయన ట్రాలీతో, సాయానికి తోటి ఉద్యోగితో ఎదురొచ్చాడు. సూట్‌కేసు ముందు కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి ఎత్తాడు. అది గాల్లోకి లేచింది. "మళ్లనా?" అన్నాడు. "మళ్లీనే. బండ కూడా ఇచ్చేశాను" అన్నాను. అతను నవ్వాడేగానీ, ఇంటికెళ్లి చూస్తే వంటింటి మూల సామానంతా జరిపి, నేల గీసుకుపోకుండా గోనెపట్టా మడిచి పరిచి ఉంది. వెనక గోడకి క్యారమ్ బోర్డు కాదు కదా, చిన్న పటం కూడా లేదు. రోలుకి అడ్డం రాకూడదని.

రెండో భాగం ఇక్కడి హాల్లో చూశాం. తెరనిండా మా రోలూ బండా. "మంచిగ కనపడుతుంది గద" అని మా ఆయన చీకట్లో నా చెయ్యి నొక్కాడు. మూడో భాగానికి కథ అల్లుతున్నారని ఈ మధ్యే గురువుగారు చెప్పారు. గోనెపట్టా అలాగే ఉంది. అడుగు పోయిన డమ్మీలో మనీప్లాంటు పెంచుతున్నాను, నీళ్లు చక్కగా దిగుతాయి. అప్పుడప్పుడు ఆ రోజుటి హాల్లోకి వెళ్లి, కుర్చీలో కూర్చున్న ఆ పిల్లతో, అంటే అప్పటి నాతో, "ఒక్కసారి వంగి దాన్ని ఎత్తి చూడవే తల్లీ" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. నన్ను ఎగాదిగా చూసి, వేలు చూపించి, "ఆంటీ, మీరు ఫ్రేములోకి వస్తున్నారు, కాస్త పక్కకి జరగండి" అంటుంది.