ఒక్కసారే తిరిగే క్యాసెట్టు

మా మావ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరంలో, మా స్కూల్లో పిల్లల చేత కంప్యూటర్లు ఆపిస్తున్నాను. "మీ మావ పోనాడే గుంటా. షాపులోనే, కుర్సీలో కూకున్నోడు కూకున్నట్టే," అంది. ఆవిడ మాట వెనక సముద్రం హోరు వినపడుతోంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. బిస్కెట్ల డబ్బా ఏమైంది? పోయినవాళ్ల పక్క, బట్టలు, వాడిన సామాను ఇంట్లో ఉంచకుండా తీసేయడం మా వైపు ఆనవాయితీ. సాయానికి వచ్చినవాళ్లెవరో పాత క్యాసెట్లు కదా అని ఆ డబ్బాను కూడా మూటలో కట్టేస్తే? బస్సులో శ్రీకాకుళం దాకా, అక్కణ్ణుంచి ఆటోలో కళింగపట్నం దాకా నేను మావ మొహం తలుచుకోలేదు. ఆ డబ్బానే తలుచుకున్నాను.

మావ అంటే మా అమ్మకి తమ్ముడు. చేపలవేటకి వెళ్లే ఇంట్లో పుట్టి, సముద్రమంటే భయపడిన మనిషి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, అందరూ ఆటపట్టించేవాళ్లు. ఐటీఐలో రేడియో పని నేర్చుకుని, కుర్రతనంలోనే హైదరాబాదు వెళ్లి, ఇళ్లలో వాడే కంప్యూటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాడు. ఆ కాలపు కంప్యూటరు మీలో చాలామంది చూసి ఉండరు. ఒక కీబోర్డు, అంతే. దాన్ని టీవీకి తగిలించాలి, పక్కన టేప్ రికార్డరు పెట్టుకోవాలి. పాటల క్యాసెట్టు లాంటి క్యాసెట్లోనే ఆట ఉండేది. ప్లే నొక్కితే పాట బదులు చెవులు చిల్లులుపడే కీచు గోల వచ్చేది. ఆ గోలనే కంప్యూటరు విని ఆటగా మార్చుకునేది.

మావ పగలు బోర్డులకు సోల్డరింగు చేసి, సాయంత్రం ఆటలు రాసేవాళ్ల పక్కన కూర్చుని తనూ రాయడం నేర్చుకున్నాడు. ఆ ఆటలు బజారుకి రాకముందే కంపెనీ మూతపడింది. ఆఖరి రోజున, చెరిపేసి సినిమా పాటలు ఎక్కించుకోవచ్చని ఎవరికి అందిన క్యాసెట్లు వాళ్లు పట్టుకుపోతుంటే, మావ గోనెసంచిలో పట్టినన్ని వేసుకుని రైలెక్కేశాడట. ఆయన జన్మలో చేసిన ధైర్యమైన పని అదొక్కటేనని అత్త అంటుంది.

ఊళ్లో టీవీలు, టేప్ రికార్డర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. గోనెసంచి ఇంట్లో అటక మీద పడి ఉంది. కంప్యూటర్ టీచరుగా చేరిన కొత్తలో నేను ఆ సంచి సంగతి ఇంటర్నెట్‌లో రాస్తే, ఎక్కడో యూరప్ నుంచి ఒక పెద్దాయన జవాబిచ్చాడు. ఇలా విడుదల కాకుండా ఆగిపోయిన ఆటల్ని వెతికి దాచే గుంపు ఒకటి ఉందట. ఆయన వాళ్లలో ఒకడు. మీ దగ్గరున్నవి ఇంకెక్కడా లేవు, దయచేసి జాగ్రత్త అని రాశాడు. మావ ఎగిరి గంతేస్తాడనుకుని పరుగున వెళ్లి చెప్పాను.

మావ తెల్లబోయాడు. "అయితే నా కాడ పోతే మరింకెక్కడా లేనట్టేనేటి?"

"అంతే మావా."

"ఇది నాకెందుకు సెప్పినావే? ఇన్నాళ్లూ అటక మీద సుబ్బరంగా పడున్నాయి. ఇప్పుడు నాకు నిద్దర పడతాదా?"

నిజంగానే ఆ పూట అన్నం తినలేదు. ఆ వేళ మొదలైన భయం ఆయన్ని మళ్లీ వదల్లేదు. నాకూ అంటించాడు.

ఆదివారాలు నేను వాళ్లింటికి వెళ్లేదాన్ని. ఉదయం గాలి నేల మీంచి వీచినంతసేపే పని. గాలి మళ్లి సముద్రం వైపు నుంచి కొట్టడం మొదలవగానే, ఆట సగంలో ఉన్నా సరే, క్యాసెట్లన్నీ గోనెసంచిలో పెట్టి మూతి కట్టేసేవాడు. ఉప్పుగాలికి టేపు మెత్తబడిపోతుందని. క్యాసెట్టు ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. కడుక్కున్నాక వాసన చూసేవాడు. "నెత్తళ్ల చేపలు తిన్నావు కదా, మళ్లీ కడుక్కో," అనేవాడు. స్పీకరు బాగుచేయించుకోవడానికి ఇంటికి వచ్చినవాళ్లని గుమ్మం బయటే నిలబెట్టేవాడు, స్పీకర్లోని అయస్కాంతానికి క్యాసెట్లు చెరిగిపోతాయని. ఏ క్యాసెట్టు చేతికొచ్చినా ముందు దాని వెనక మూలల్లో ఉండే ప్లాస్టిక్ పలకలు విరిచేసేవాడు. అవి లేకపోతే దాని మీద ఎవరూ రికార్డు చేయలేరు.

"బయమేస్తే మంచిదేనే గుంటా," అనేవాడు. "బయం లేనోడే రికార్డు బటన్ నొక్కేస్తాడు."

టేప్ రికార్డరును నా లాప్‌టాప్‌కి కలిపి, ఆ గోలను ఉన్నదున్నట్టు రికార్డు చేసుకునేవాళ్లం. తర్వాత పాత కంప్యూటరులా నటించే ఒక ప్రోగ్రాములో దాన్ని నడిపితే ఆట కదిలేది. టేపు మీద ఆనే హెడ్డుకి ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది వెంట్రుకవాసి పక్కకి పోయినా గోల మొద్దుబారుతుంది. మావ కళ్లు మూసుకుని, స్క్రూ డ్రైవరు రెండు వేళ్లతో పట్టుకుని, చెవితో విని తిప్పేవాడు. గోలకి పదునెక్కగానే, "అదిగో, కళ్లు తెరిసినాది," అనేవాడు.

అలా ఒక్కొక్కటే బతికించాం. ఎక్కడైనా రంగు తప్పుంటేనో అక్షరం తప్పుంటేనో సరిచేద్దామని నా చేతులు దురదపెట్టేవి. మావ ఒప్పుకునేవాడు కాదు. "ఉన్నది ఉన్నట్టు దాయడమే మన పని. నీ సెయ్యి పెట్టినావంటే అది నీ ఆట, రాసినోళ్లది కాదు." అన్నిట్లోకీ ముఖ్యమైనది, మావ స్వయంగా రాసిన ఆట, మాత్రం ఆఖరికని పక్కన పెట్టాడు.

అప్పుడే తుపాను వచ్చింది. ఇంటి పైకప్పు రేకులు లేచిపోయి, రాత్రికి రాత్రి సామానంతా నానిపోయింది. తెల్లారి మావ షాపు చూసుకోవడానికి పరిగెత్తాడు. ఇంటి దగ్గర అత్త, అటక మీది సంచిలో తడిసిన క్యాసెట్లు చూసింది. అత్త పుట్టినప్పటి నుంచీ ఎండుచేపల పనిలో ఉన్న మనిషి. తడిసినది ఏదైనా కుళ్లకుండా ఉండాలంటే ఆవిడకి తెలిసిన దారి ఒక్కటే. ఎండ రాగానే ఇసకలో వల పరిచి, క్యాసెట్లను వరసగా పేర్చింది. బాగా ఆరాలని ఒక్కొక్కదాన్నీ తిరగేసింది కూడా. కాకులు ఎత్తుకుపోకుండా కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది.

మావ వచ్చేసరికి ప్లాస్టిక్కులు అప్పడాల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. మేము రికార్డు చేసేసినవాటితో బెంగ లేదు. కానీ మావ రాసిన ఆట కూడా వాటిలోనే ఉంది. పక్కనున్న చేపల గంప నీడ పడి అది పూర్తిగా కాలిపోలేదు గానీ, లోపలి టేపు పెళుసెక్కింది.

అత్తని ఒక్క మాట అనలేదు మావ. టేపును మెల్లగా తీసి కొత్త క్యాసెట్టు పెంకులోకి మార్చి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, చెమ్మ లాగేయడానికి వేయించిన బియ్యం గుడ్డలో మూటకట్టి దాని పక్కన ఉంచాడు. "ఇది ఒక్కపాలే తిరుగుతాదే. రెండోపాలి తిప్పడానికి అందులో ఏటీ ఉండదు," అన్నాడు.

ఆ ఒక్కపాలి ఎప్పుడన్నది మాత్రం తేలలేదు. ప్రతి అమావాస్యకీ బియ్యం మార్చేవాడు, క్యాసెట్టు వైపు చూసేవాడు, మూత పెట్టేసేవాడు. నేను పోరితే, "ఈ వానలు పోనీ," అనేవాడు. వానలు పోతే, "ఈ మంచు పోనీ." నాకు ఒళ్లు మండేది. ఒకసారి విసురుగా, "నీ పిరికితనంతో అది డబ్బాలోనే చచ్చిపోద్ది మావా," అనేశాను. గాలి మళ్లిందని మూత పెట్టాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సముద్రమంటే ఎందుకంత భయమో నాకు ఒక్కసారే చెప్పాడు. పదహారేళ్లప్పుడు, అన్నతో కలిసి తెప్ప మీద వేటకి వెళ్లాల్సిన రోజున, ఒడ్డు దగ్గర కెరటాలు చూసి కాళ్లు రాలేదట. అన్న నవ్వి, "పోనీలేరా, రేపొద్దువు," అని తను వెళ్లాడట. తెప్ప తిరిగి రాలేదు. మావ దీపస్తంభం వెలిగేదాకా ఒడ్డునే ఉన్నాడట. ఇది చెబుతున్నంతసేపూ ఆయన చేతులు ఒక రేడియో స్క్రూలు బిగిస్తూనే ఉన్నాయి.

నేను ఆటో దిగి ఇంట్లోకి వెళ్లేసరికి అత్త గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. డబ్బా ఒళ్లో ఉంది. "ఎవుల్నీ ముట్టనియ్యలేదు," అంది. అప్పుడు గానీ నేను మావ వైపు చూడలేదు. అప్పుడు గానీ ఏడవలేదు.

పెద్దకర్మ అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయిన మర్నాడు పొద్దున్న, అత్తే డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"తిప్పే."

"ఇప్పుడే వద్దత్తా. సరిగ్గా రాకపోతే మళ్లీ ఉండదు."

"నాను ఎండబెట్టి సంపేసినానో లేదో నాకు తెలవాల. ఆయన అడగనియ్యలేదు. ఎన్నాళ్లని ఇలగ బయపడతాను, సెప్పు?"

అప్పుడు నాకు తట్టింది. తిప్పి చూస్తే అది చచ్చిందని తేలవచ్చు. తేలితే ఆ తప్పు అత్త నెత్తిన పడుతుంది. తిప్పనంతకాలం ఎవరి తప్పూ లేదు. అందుకే ఆయన వానల మీద, మంచు మీద నెట్టుకుంటూ వచ్చి ఉంటాడు. నేను పిరికితనం అన్నది దీన్నే.

కిటికీలు మూసి, టేప్ రికార్డరును లాప్‌టాప్‌కి కలిపాను. చేతులు కడుక్కుని వాసన చూసుకున్నాను. పలకలు విరిచే ఉన్నా, నా వేళ్లు రికార్డు బటన్ మీద పడతాయేమోనని దానికి అట్టముక్క అడ్డం పెట్టి ప్లే నొక్కాను. ముందు పొడుగ్గా ఒకటే కూత. తర్వాత గోల. అత్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

సగం దాకా బాగానే వచ్చింది. అక్కణ్ణుంచి గోల మొద్దుబారడం మొదలైంది. హెడ్డు కింద గోధుమరంగు పొడి రాలుతోంది. టేపు మీది పూత అది. ఆట అంతా ఆ పూతలోనే ఉంటుంది. అంటే నా కళ్ల ముందే ఆట రాలిపోతోంది. ఆపి తుడవనా? "మద్దెలో ఆపకు, ఆపిన కాడే అంటుకుపోద్ది," అనేవాడు మావ. ఆయన స్క్రూ డ్రైవరు తీసుకుని, కళ్లు మూసుకుని స్క్రూ మీద ఆనించాను. ఎటు తిప్పాలో తెలియలేదు. కొంచెం ఎడమకి తిప్పితే ఇంకా మొద్దుబారింది. కుడికి తిప్పాను. గోలకి పదునొచ్చింది. అయిపోయేదాకా ఆ స్క్రూ మీంచి చెయ్యి తీయలేదు. టేపు ఆగాక బయటికి తీసి వెలుగుకి పెడితే, చాలాచోట్ల దానిగుండా అవతలి గోడ కనిపించింది.

"సచ్చిపోనాదా, ఉన్నాదా?" అంది అత్త.

"ఉన్నాదత్తా. గోల ఆఖరిదాకా వచ్చేసింది. నువ్వేం చంపలేదు."

అత్త డబ్బాలోని బియ్యం మూట తీసి కళ్లకి అద్దుకుని, మావ పోయినప్పటి కంటే గట్టిగా ఏడ్చింది.

ముందు ఆ రికార్డింగును మూడు చోట్ల దాచి, అప్పుడు ఆట నడిపాను. నల్లటి తెర మీద తెల్లటి గీతలు, అవి కెరటాలు. ఒక మూల చుక్క వెలిగి ఆరుతోంది, అది దీపస్తంభం. గోరంత తెప్ప, దాని మీద ఒక మనిషి. మీటలు నొక్కి కెరటాలు దాటించాలి. మూడుసార్లు ములిగిపోయాక నాలుగోసారి దాటించాను. తెప్ప లోతు నీళ్లలోకి వెళ్లి ఆగింది. వల పడింది, చేపలు పడ్డాయి. ఇక ఒడ్డుకి తేవాలి. ఎడమ మీట నొక్కాను. కదల్లేదు. అన్ని మీటలూ నొక్కాను. తెప్ప అక్కడే పైకీ కిందకీ ఊగుతోంది.

"ఒడ్డుకి తేయే గుంటా, సీకటడిపోతాది," అంది అత్త, ఆట అని మరిచిపోయి.

ఏదో రాలిపోయిందని హడలిపోయి ఆట అలా నడుస్తుండగానే పక్కన ప్రోగ్రాము తెరిచి వరసలన్నీ చదివాను. ఏమీ పోలేదు. తిరిగొచ్చే భాగం ఉండాల్సిన చోట, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్క వరస ఉన్నాయి: ఇంటికి రావడం, రాయాలి. ఆ లోపే కంపెనీ మూసేశారు. ఇన్నేళ్లూ మావ డబ్బా మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది అత్త కోసమేనా, దీని కోసం కూడానా అన్నది ఇక అడగడానికి మనిషి లేడు.

అత్తకి చదివి చెప్పాను. అత్త తెర మీది తెప్పని వేలితో చూపించింది. "నువ్వు కంప్యూటర్ టీచరువి కదే. ఆ కొంచెం నువ్వు రాయలేవేటి?"

రాయగలను. పట్టుమని పాతిక వరసలు ఉండవు. ఉన్నది ఉన్నట్టు దాయమన్న మాట కూడా నాకు గుర్తుంది. పోనీ ముందు ఇది ఆపేద్దామని చెయ్యి చాపాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకే. ఆపితే ములిగిపోద్ది."

ఆట మూడు చోట్ల క్షేమంగా ఉందని నాకు తెలుసు. ఆపి మళ్లీ పెడితే తెప్ప మళ్లీ ఒడ్డు నుంచే బయల్దేరుతుందని తెలుసు. అయినా ఆపడానికి నాకు చేతులు రాలేదు. మధ్యాహ్నం కరెంటు పోయింది. గాలి మళ్లి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. అత్త లాప్‌టాప్ ముందు మఠం వేసుకుని కూర్చుని, ఉప్పుగాలి తగలకుండా చీర కొంగు దానికి అడ్డం పట్టుకుంది. ఆ కొంగు వెనకాల చుక్క వెలిగి ఆరుతోంది. తెప్ప మీది మనిషి ఒడ్డు వైపు తిరిగి, పైకీ కిందకీ ఊగుతూ ఉన్నాడు.