తాడు నాది, మేక నీది

భయపడటానికి కూడా ఒక వయసుంటుందేమో అని ఇప్పుడనిపిస్తుంది. ఒమాన్ వెళ్ళిన కొత్తలో నేను భయపడని వస్తువంటూ లేదు. ఎస్కలేటరంటే భయం, పోలీసు బండంటే భయం, ఫోన్లో అరబ్బీలో మెసేజీ వస్తే నన్ను పట్టుకోమని ఎవరో రాశారేమోనని భయం (రీఛార్జి అయిపోయిందని చెప్పే మెసేజీ అని తర్వాత తెలిసింది). పెద్దారవీడు దగ్గర గొర్రెలూ మేకలూ కాసుకునే ఇంట్లో పుట్టి, మార్కాపురం దాటితే దారి తప్పే నన్ను, మేకలు చూసుకునే పనికి తీసుకెళ్ళి ఒక ఖర్జూరపు తోటలో దింపారు. నా భయాలకు నీళ్ళు పోసి పెంచినవాడు గదిలో నాతో ఉండే కురిచేడు మామ. నిజానికి మాకు ఏ వరసా లేదు, మనవైపు మాట వినబడితే చాలు, మామా అనెయ్యడమే కదా. ఆయన ఏ మాట మొదలుపెట్టినా జైలు దగ్గరే ఆపేవాడు గనుక మనసులో జైలు మామ అని పేరు పెట్టుకున్నాను. "అల్లుడా, ఇది మనూరు కాదబ్బా. రోడ్డు మీద ఉమ్మినా జైలే. పరాయోడి సొమ్ము ముట్టుకున్నావా, చెయ్యి నరికేస్తారంట. పాస్‌పోర్టు చూస్తే బాబా కాడుండె. యాడికి పోతావు?" అనేవాడు. బాబా అంటే మా యజమాని. అక్కడ పనివాళ్ళందరూ యజమానిని అట్లాగే పిలుస్తారు.

ఒక శుక్రవారం పొద్దున బాబా నన్ను పికప్పులో ఎక్కించుకుని మేకల సంతకు తీసుకెళ్ళాడు. మన సంతలో జీవాలు నిలబడి ఉంటాయి, జనం తిరుగుతారు. అక్కడ జనం గుండ్రంగా కూర్చుని ఉంటే వాళ్ళ మధ్య మేకలే తిరుగుతాయి, వాటి తాడు పట్టుకుని నాబోటివాళ్ళు తిరుగుతారు. తెల్లటి అంగీలు, గడ్డాలు, నడుముకు వంకీ కత్తులు! అందరి కళ్ళూ మేక మీద ఉన్నా నాకు మాత్రం నన్నే బేరం చేస్తున్నట్టుండేది. నేను నడిపిస్తున్నది నల్లటి జుట్టు మేక. గడ్డి కూడా ఏరి ఏరి తినే ఆ గారాలపట్టిని మహారాణి అని పిలిచేవాణ్ణి. రెండు చుట్లు తిరిగేసరికి ఒక పెద్దాయన మమ్మల్ని ఆపి, మేక పళ్ళు చూసి, నడుము తడిమి, బాబాతో చెయ్యి కలిపాడు. బేరం కుదిరింది. బాబా ఎవరో తెలిసినవాళ్ళు పిలిస్తే కాఫీకి వెళ్ళిపోయాడు. పెద్దాయన మేక కోసం నా ముందుకు చెయ్యి చాచాడు.

ఇక్కడే కొంప మునిగింది. మా నాయన ఏనాడూ అమ్మిన జీవాన్ని తాడుతో ఇచ్చిన మనిషి కాదు. కొన్నవాడు తన తాడు తాను తెచ్చుకోవాలి. "మేక పోతే ఇంకో మేక ఈనుతాదిరా. తాడు పోయిందంటే కొట్టమే ఖాళీ అయిపోతాది," అనేవాడు. పుట్టినప్పటి నుంచి విన్న మాట కదా, పెద్దాయన తాడు తెచ్చాడో లేదో చూడాలన్న ఆలోచనే రాకుండా చక్కగా వంగి ముడి విప్పేశాను. తాడు చుట్టి నడుముకు దోపుకున్నాను. మహారాణి ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత పెద్దాయన కాళ్ళ మధ్య నుంచి దూరి, ఖర్జూరాల గంపలు దొర్లించుకుంటూ మాయమైపోయింది.

పెద్దాయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. కుడి చేతిది. నా నడుముకున్న తాడు చూపిస్తూ ఏదో అరుస్తున్నాడు. చుట్టూ జనం మూగారు. అయిపోయింది, తాడు దొంగనని పట్టుకున్నారు, ఇక ఈ చేత్తో అన్నం కలుపుకోవడం ఉండదు అనుకున్నాను. తాడు తీసి ఇచ్చేస్తే పోయేదానికి, ఎడమ చేత్తో దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను! కొట్టం నాది కాదు, జీవాలు నావి కావు, అయినా వేళ్ళు విడవలేదు. "అయ్యా, దొంగను కాదయ్యా! తాడియ్యకూడదయ్యా! నీ తాడు నువ్వు తెచ్చుకోవాలయ్యా!" అని ఒమాన్ నడిబొడ్డున పెద్దారవీడు తెలుగులో ఏడుస్తున్నాను. అంతలో జనాన్ని తోసుకుంటూ పోలీసు వచ్చాడు. కళ్ళు తుడుచుకుని చూద్దును కదా, అతని చేతుల్లో బేడీలు లేవు, మహారాణి కొమ్ములున్నాయి. అది నేరుగా వెళ్ళి బాబా పికప్పు ఎక్కి కూర్చుందట.

వెనకే బాబా వచ్చాడు. ఏమిటిదన్నాడు. వచ్చీరాని హిందీలో మా నాయన మాట చెప్పాను. పక్కవాళ్ళు నవ్వారు, బాబా నవ్వలేదు. కొట్టం ఖాళీ అయిపోతుందన్న మాట దగ్గర ఆయన ముఖం నా ముఖం కంటే పాలిపోయింది. తన తలగుడ్డ విప్పి మహారాణి మెడకు కట్టి పెద్దాయనకు అప్పగించాడు. తాడు నా నడుముకే ఉంది. ఆ తర్వాత ఎప్పుడు సంతకు వెళ్ళినా కొన్నవాళ్ళకివ్వడానికి పికప్పులో వేరే తాళ్ళు ఉండేవి. జరిగింది విని జైలు మామ కూడా భయపడ్డాడు. "పోలీసు వచ్చినాడు, నిన్ను తీసకపోలేదా? ఏందబ్బా ఇది!" అని ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు పాపం.

కొన్నేళ్ళకు నేను అక్కడి పని మానేసి ఇంటికి బయల్దేరాను. ఎయిర్‌పోర్టు బయట బాబా నా పాస్‌పోర్టు చేతికిచ్చాడు. ఇచ్చి, నా మెడలోని మార్కాపురం తువ్వాల లాగి తన భుజాన వేసుకున్నాడు. "ఇది నా దగ్గరే ఉండాలి. నా కొట్టం ఖాళీ కాకూడదు," అన్నాడు. నవ్వుతున్నాడేమోనని చూశాను. లేదు. విమానంలో కూర్చున్నాక నాకు మళ్ళీ భయమేసింది, ఈసారి ఎందుకో చెప్పలేను. దిగి పరుగెత్తుకెళ్ళి ఆ పికప్పు ఎక్కి కూర్చోవాలనిపించింది. ఇప్పుడు మా ఊళ్ళో నా జీవాలు నాకున్నాయి. సంతలో ఒకదాన్ని అమ్మి తాడు విప్పుతుంటే అది నా మొహం చూస్తుంది. నేను మెడ తడుముకుని, దాని వీపు మీద ఒక చరుపు చరిచి, "పోయే, భయపడమాక," అంటాను.