మోచెయ్యి వేసిన తుమ్మెద

తిరుపతి బట్టల కొట్లో అచ్చు కలంకారీ చీర విప్పగానే, చిలుక ముక్కు దగ్గర నల్లటి తుమ్మెద కనిపించింది. చీరను వాసన చూశాను. చేత్తో బొమ్మలు వేసే గుడ్డను నానబెట్టే పాలు, కరక్కాయల ఆ పాత వాసన లేదు.

చిన్నప్పుడు శ్రీకాళహస్తిలో మా అత్త గుడ్డ మీద వెదురు కలంతో చిలుకలు వేస్తుంటే, నా మోచెయ్యి తగిలి ఒక చిలుక ముక్కు దగ్గర నల్లరంగు చుక్క పడింది. కొడుతుందనుకున్నాను. అత్త ఆ చుక్కకు రెండు రెక్కలు గీసింది. తుమ్మెద లేని మిగతా చిలుకలను చూసి నాకు జాలేసింది.

"వాటికి కూడా ఎయ్యత్తా," అన్నాను.

"అది నేనేసింది కాదు పాపా, నీ మోచెయ్యి ఏసింది. నాకు రాదు."

ఆ గుడ్డను చూసి ఎవరు అచ్చు చేయించారో తెలియదు. ఈ చీరలో ప్రతి చిలుకకూ తుమ్మెద ఉంది. నా మోచెయ్యి తగిలింది ఒక్కసారే.